మలాయి కట్టిన వార్త

మా పత్రికలో ఏ వార్త మొదటి పేజీకి ఎక్కాలో చాయ్ గ్లాసు తేల్చేది. ఈ మాట చెబితే ఇప్పటి జర్నలిస్టులు నవ్వుతారు. నవ్వనీ. వాళ్ళ ఆఫీసుల్లో ఏది తేలుస్తుందో నాకు తెలియదు. మా దగ్గర మాత్రం ఎదురుగా ఉన్న హోటల్ గ్లాసు, దాని మీద మీగడలా కట్టే మలాయి.

అవి ఎమర్జెన్సీ ఎత్తేసిన కొత్త రోజులు. హన్మకొండ చౌరస్తాకు కొంచెం లోపలగా ఒక పాత మేడ, కింద అచ్చు యంత్రం, పైన రెండు గదులు. అదే మా దినపత్రిక. నాలుగు పేజీలు. జిల్లా దాటితే దాన్ని ఎరిగినవాళ్ళు లేరు, జిల్లాలో ఎరగనివాళ్ళు లేరు. అంతకుముందు ఏది వేయకూడదో పైనుంచి ఎవరో ఒకరు చెప్పేవారట. నేను చేరేనాటికి ఆ చెప్పేవాళ్ళు పోయారు. కానీ ఏది వేయాలో చెప్పేవాళ్ళు కొత్తగా ఎవరూ రాలేదు. బల్ల మీద వార్తలు కుప్పగా పడి ఉండేవి. మా ఎడిటర్ ఆ కుప్పను చూసి తల గోక్కునేవాడు.

ఆయన ఒకప్పుడు బడిపంతులు. మనిషి బొద్దుగా, నవ్వుమొహంతో, చెవి మీద పెన్సిల్‌తో ఉండేవాడు. ఆ పెన్సిల్ ఆయనకు బడి నుంచి మిగిలిన ఆస్తి. చివరికి ఆయన ఒక పద్ధతి కనిపెట్టాడు. సాయంత్రం చాయ్ వేళకు ఆ రోజు వార్తలన్నీ చంకలో పెట్టుకుని రోడ్డు దాటి హోటల్లోకి పోయేవాడు. ఎవరు రాసిన వార్త వాళ్ళు అక్కడ గట్టిగా చదవాలి. ఆయన వార్త వినేవాడు కాదు, గ్లాసులు చూసేవాడు. చదువుతుండగా జనం చాయ్ తాగేస్తే ఆ వార్త లోపలి పేజీకి. మధ్యలో ఇంకో చాయ్ చెప్పారంటే ఆ కాగితం చెత్తబుట్టకు. చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయి, చాయ్ చల్లారి, పైన మలాయి కడితే మాత్రం పెన్సిల్ చెవి మీంచి కిందికి దిగేది. కాగితం మీద ఒకటో అంకె వేసేవాడు.

"మలాయి అబద్ధమాడదు" అనేవాడు. "మన్షి మొహమాటానికి తలూపుతడు. మలాయికేం మొహమాటం?"

ఈ పద్ధతికి ఒక నియమం కూడా ఉండేది. వార్త ఎవరి గురించో వాళ్ళు అక్కడ ఉండకూడదు. ఉంటే వినేవాళ్ళు వాళ్ళ మొహం చూసి చాయ్ ఆపుతారని ఆయన భయం.

నేను హోటల్‌కు పోయేవాణ్ణి కాదు. దానికి నా కారణం నాకుంది. మాది రఘునాథపల్లి దాటాక ఒక ఊళ్ళో గడి, కోటలాంటి దొరల ఇల్లు. గడి అనగానే జనానికి గుర్తుకొచ్చేవన్నీ నాకూ తెలుసు, వాటిలో నిజం ఉన్నంత మేరకు నేను కాదనను. నేను పుట్టేనాటికి భూములు పోయాయి. నాకు బుద్ధి తెలిసేనాటికి పైకప్పు పోయింది. మిగిలినవి పెద్ద దర్వాజా, మా నాయన నడక. ఆయన చిరిగిన చెప్పులతోనైనా నిటారుగానే నడిచేవాడు. హోటల్ బల్ల మీద కూర్చుని చాయ్ తాగగా ఆయన్ను చూసినవాళ్ళు లేరు. నేను సుబేదారిలో అద్దె గదిలో ఉంటూ, చొక్కా నేనే ఇస్త్రీ చేసుకుంటూ, ఆ ఒక్క సంగతిలోనైనా ఆయన కొడుకునని అనిపించుకోదలిచాను. నా చాయ్ నా బల్ల దగ్గరికి వచ్చేది. అది తాగుతూ నేను ప్రూఫులు దిద్దుకునేవాణ్ణి.

దాంతో నా వార్తలన్నీ ఎడిటరే చదివేవాడు. బడిలో హాజరు పిలిచి పిలిచి ఆయన గొంతు అలా స్థిరపడిపోయింది. మంత్రి రాకైనా, మిర్చి ధరైనా, పేర్లు పిలిచినట్టే చదివేవాడు. నేను రాసినవాటికి మలాయి కట్టిన సందర్భం లేదు. సినిమా ప్రకటనల పక్కన, మూడో పేజీలో, నా వాక్యాలు తలెత్తుకుని నిలబడి ఉండేవి.

కిటికీలోంచి చూస్తే హోటల్ నాకు పూర్తిగా కనిపించేది. కొన్నాళ్ళకు ఒక సంగతి గమనించాను. రోజూ అక్కడ కూర్చునేవాళ్ళు ఇంచుమించు వాళ్ళే. పెళ్ళిళ్ళకు షామియానాలు కట్టే టెంట్‌హౌస్ ఓనర్, సైకిళ్ళు కిరాయికిచ్చే ఆసామి, వకీలు గుమాస్తా, ఇంకా అట్లాంటి చౌరస్తా మనుషులు. అందుకే మా మొదటి పేజీలో పెళ్ళి ఊరేగింపు గొడవలు, సైకిల్ దొంగలు, కోర్టు తీర్పులు నిండుగా ఉండేవి. మార్కెట్‌కు మక్కజొన్నలు తెచ్చిన రోజు రఘునాథపల్లి రైతులు హోటల్లో కూర్చునేవారు. మర్నాడు మా పత్రికలో, వేరే ఊరిదైనా సరే, వాన లేని వార్త మొదటి పేజీకి వచ్చేది. వాళ్ళు బండ్లు కట్టుకుని వెళ్ళిపోతే మా జిల్లాలో కరువు కూడా వాళ్ళతోపాటే వెళ్ళిపోయేది. ఈ మాట ఎడిటర్‌తో అంటే ఆయన నవ్వి, "అయితే నువ్వొచ్చి కూసో, గడీల వార్తలు గూడ ఏస్త" అన్నాడు.

అట్లాంటి రోజుల్లో ఒకనాడు కాశిబుగ్గ నుంచి ఒక నేతమనిషి మెట్లెక్కి వచ్చాడు. మా నాయన ఈడు ఉంటుంది. భుజం మీద తువ్వాల, మోకాళ్ళ కింద దాకా ఎండిన బురద. ఆ వాడలో మాట చెల్లే మనిషి అని తర్వాత తెలిసింది. నన్ను చూడగానే గుర్తుపట్టాడు. చిన్నప్పుడు వాళ్ళ నాయన వెంట మా గడికి నేల మీద పరిచే జంపఖానాలు మోసుకొచ్చాడట.

"దొరా, మీరీడ పని చేస్తాన్నరా?" అన్నాడు.

"చేస్తాన్న. కూసోండ్రి" అన్నాను. ఆయన కూర్చోలేదు.

"మా గల్లీల నేల కింద నల్లా పైపు పగిలింది, దొరా. నీళ్ళు పైకి రాలే, పక్కకు పోతానయ్. మా మగ్గాలన్నీ గుంత మగ్గాలు గదా. గుంతలల్ల నీళ్ళు ఊరుతానయ్. పొద్దుగాల ఎత్తిపోస్తం, పగటాల్లకు మల్ల నిండుతయ్. కాళ్ళు యాడ పెట్టి తొక్కాలె?"

"మున్సిపాలిటీల చెప్పిండ్రా?"

"చెప్పి చెప్పి యాష్టకొచ్చింది. పైకి నీళ్ళు కనవడ్తలేవు గదా, పైపు పగిలినట్టెట్ల తెలుసు అంటాండ్రు. మా గుంతలకొచ్చి దిగుండ్రి తెలుస్తది అన్న. కోపమైండ్రు." తువ్వాల భుజం మార్చుకుని, "నూలు చెమ్మకు బూజు వడ్తాంది. ఈ నెల గిట్లనే పోతె మగ్గాలు పీకి షోలాపూర్ పోవుడే. గల్లీ గల్లీ పోతది. పేపర్ల పడితె కదుల్తరని వచ్చిన" అన్నాడు.

మర్నాడు పొద్దున కాశిబుగ్గ పోయి చూశాను. మాట నిజమే. ప్రతి ఇంట్లోనూ మగ్గం కింద గుంత, గుంతలో నీళ్ళు, ఆ నీళ్ళలో పైనున్న పడుగు నీడ. ఆయన భార్య నూనె డబ్బాతో నీళ్ళు తోడి వాకిట్లో పోస్తూ నన్ను చూసి, "దొరా, మీ పేపర్ల రాయుండ్రి, కాశిబుగ్గల మగ్గానికో బావి తవ్విండ్రని" అన్నది. గల్లీ అంతా నవ్వింది. కష్టంలో నవ్వగలిగిన వాళ్ళంటే నాకు గౌరవం.

ఆఫీసుకొచ్చి నాకు చేతనైనంత గంభీరంగా రాశాను. చేనేత ప్రాచీనతతో మొదలుపెట్టి, మూడో పేరాలో పైపు దగ్గరికి వచ్చాను. సాయంత్రం ఎడిటర్ దాన్ని హోటల్‌కు తీసుకుపోయాడు. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆయన పెదాలు కదులుతున్నాయి. చేనేత ప్రాచీనత మీద ఉండగానే సైకిళ్ళ ఆసామి చెయ్యెత్తి ఇంకో చాయ్ చెప్పాడు.

కొన్నాళ్ళకు నేతమనిషి మళ్ళీ మెట్లెక్కాడు. ఈసారి బురద తడిగానే ఉంది.

"పేపర్ల రాలే, దొరా."

నేను హోటల్ సంగతి, గ్లాసుల సంగతి దాచకుండా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"అయితె నేనే పోయి చెప్త. ఎన్ని గ్లాసులకు మలాయి కట్టాలెనో కట్టిస్త."

"మీ గురించి వార్త గదా, మీరు ఉండొద్దట."

"మరి ఎవరు సదువుతరు?"

"ఎడిటరే."

"ఆ సారు సదివితె మా ఇంట్ల పిల్లలు గూడ పంటరు. మీరు సదువుండ్రి."

"నేను హోటల్‌కు పోను."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. ఎందుకని అడగలేదు. గడి చూసిన మనిషి కనుక అడగనక్కర్లేకపోయింది. తువ్వాలతో మొహం తుడుచుకుని, "మీ నాయనగారు గూడ గంతే, దొరా. అంగడికొస్తె ఎండల నిలవడి పని చూస్కొని పోయేటోడు, ఎవల అరుగు మీద కూసోకపోయేది. గని నిలవడేటోడు" అన్నాడు.

ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయాక ఆ చివరి మాట నా బల్ల దగ్గరే ఉండిపోయింది. కూర్చోకూడదన్నది మా నియమం. నిలబడకూడదని ఎవరూ అనలేదు.

ఆ సాయంత్రం ఎడిటర్‌తో పాటు నేనూ రోడ్డు దాటాను. ఆయన ఆశ్చర్యపోతూనే నా కాగితం నా చేతికిచ్చాడు. హోటల్ సేటు గల్లా దగ్గర నుంచి లేచి, "దొరా, ఇటు కూసోండ్రి, బల్ల తుడిపిస్త" అన్నాడు.

"అవసరం లేదు. నిలవడే సదువుత" అన్నాను.

"మీరు నిలవడితె మేమెట్ల కూసుంటం?" అన్నాడు వకీలు గుమాస్తా. అంటూ కూర్చునే ఉన్నాడు.

మా తాత కంటిచూపు తగ్గాక రోజూ ఆయనకు నేనే గట్టిగా చదివి వినిపించేవాణ్ణి. పైకప్పు లేని గదిలో గొంతు నిలవాలంటే ఊపిరి ఎక్కడ తీసుకోవాలో నాకు తెలుసు. నా గొంతుకు హోటల్ మొత్తం ఇటు తిరిగింది. చేనేత ప్రాచీనతను వదిలేసి నేరుగా పైపుతో మొదలుపెట్టాను. గ్లాసులు కాసేపు ఆగాయి. నాకు ధైర్యం వచ్చింది. అంతలో సైకిళ్ళ ఆసామి ఒక పెద్ద గుక్క తాగి, "మా ఇంటి ముందట గూడ పైపు పగిలింది. మరి నాది గూడ రాయుండ్రి" అన్నాడు.

"నాది రెండేండ్ల కింద పగిలింది. సీనియర్‌ను, నాది ముందుగాల ఏయాలె" అన్నాడు గుమాస్తా.

అందరూ నవ్వారు, గ్లాసులు మళ్ళీ నడిచాయి. పక్కన ఎడిటర్ పెన్సిల్ చెవి మీద కదలకుండా ఉంది. నాకు ఒళ్ళు మండింది. కాగితం మడిచి జేబులో పెట్టాను.

"మీ పైపు పగిల్తె మీ వాకిలి తడుస్తది. వాళ్ళ పైపు పగిల్తె ఈ మాఘమాసంల మీ ఇండ్లల్ల పెండ్లికి కూసునెటందుకు జంపఖానా ఉండదు. మట్టి మీద కూసోండ్రి" అని వెనక్కి తిరిగాను.

"ఆగుండ్రి, దొరా" అన్నారెవరో.

టెంట్‌హౌస్ ఓనర్. చాయ్ గ్లాసు నోటి దాకా వచ్చి అక్కడే ఆగి ఉంది. "ఏ గల్లీ అన్నరు? కాశిబుగ్గల ఏ గల్లీ?"

చెప్పాను. ఆయన గ్లాసు బల్ల మీద పెట్టాడు. "నా జంపఖానాలన్నీ అక్కడివే. పోయినేడు ఎలుకలు కొట్టినయని కొత్తయి చెప్పిన. నేస్తాన్నం అన్నరు గని నీళ్ళ సంగతి ఎవడూ చెప్పలే. ఎన్ని మగ్గాలు ఆగినయ్?"

"అన్నీ."

"అన్నీ అంటె?"

"ఒక్కటి గూడ నడుస్తలేదు."

ఆ తర్వాత నేను చదవనక్కర్లేకపోయింది. టెంట్‌హౌస్ ఓనర్ ఒక ప్రశ్న, గుమాస్తా ఒక ప్రశ్న. గుమాస్తాకు తమ్ముడి పెళ్ళి దగ్గర్లో ఉందట. మగపెళ్ళివారిని నేల మీద కూర్చోబెడితే ఏమవుతుందో ఒకరి తర్వాత ఒకరు ఊహించారు. ఒక ఊళ్ళో జంపఖానాకు చిరుగు ఉందని వియ్యంకుడు అలిగి ఎడ్లబండి ఎక్కిన సంగతి సేటు చెప్పాడు. సైకిళ్ళ ఆసామి మాత్రం, "నా పెండ్లి అయిపాయె, నాకేం ఫికర్" అన్నాడు కానీ ఆయన గ్లాసు కూడా కదల్లేదు. ఎడిటర్ మెల్లగా నా మోచేయి తట్టి బల్ల వైపు చూపించాడు. గ్లాసు తర్వాత గ్లాసు, అన్నింటి మీదా పల్చటి ముడతల మలాయి. పెన్సిల్ కిందికి దిగింది.

రోడ్డు దాటుతుండగా ఆయన, "పెండ్లిళ్ళతోని మొదలువెట్టి రాయి" అన్నాడు.

"వార్త పైపు గదా, సార్. పెండ్లి గాదు."

"పైపు కాడికి సదివెటోణ్ణి నడిపియ్యాలె గదా. జంపఖానా పరిస్తె నడుస్తడు."

"మగ్గాల మీద బతికేటోళ్ళు ముందు. కూసునేటోళ్ళు తర్వాత" అన్నాను.

మెట్ల మీద కాసేపు వాదించుకున్నాం. ఆయన మెత్తని మనిషే కానీ పేజీ విషయంలో కాదు. నేను ఏ విషయంలోనూ కాదు. చివరికి పెళ్ళి శీర్షికకు పోయింది, పైపు మొదటి వాక్యంలోనే నిలిచింది. "ఈ మాఘంలో పెళ్ళివారు ఎక్కడ కూర్చుంటారు?" అన్న శీర్షిక ఎడిటర్‌ది. దాని కింది ప్రతి మాటా నాది. ఇప్పటికీ ఆ రెండింటి హద్దు నాకు స్పష్టంగా తెలుసు.

పత్రిక వచ్చిన పొద్దున కాశిబుగ్గకు మున్సిపాలిటీ కన్నా ముందు ఊళ్ళోని టెంట్‌హౌస్‌ల వాళ్ళు వచ్చారు. ఒకరు స్కూటర్ మీద, ఒకరు రిక్షాలో. నా జంపఖానాలు ఉన్నాయా అంటే నావి ఉన్నాయా అని గుంతల్లోకి తొంగి చూశారు. అక్కడి నుంచి అందరూ కలిసి మున్సిపాలిటీకి పోయారు. పెళ్ళి పెట్టుకున్న ఇళ్ళవాళ్ళు కొందరు వెంట కలిశారు. నేతపని వాళ్ళు ఎన్నిసార్లు పోయినా కనిపించని పైపు ఆ రోజు మధ్యాహ్నానికే అధికారులకు కనిపించింది. గల్లీ మధ్యలో తవ్వారు. పైపు పగిలే ఉంది.

గుంతలు ఆరాక నేతమనిషి ఆఫీసుకు వచ్చాడు. మొహంలో సంతోషం ఉంది, గొంతులో మాత్రం ఫిర్యాదు.

"పైపు గురించి రాయమంటె మీరు పెండ్లి చేసిండ్రు, దొరా."

"శీర్షిక నాది గాదు" అన్నాను.

"ఎవరిదైతేంది, మగ్గాలు నడుస్తానయ్. గని నాకొకటి సమజ్ గాలే. హోటల్ల కూసున్నోని సంగతే పేపర్లకొస్తదాయె. గా యాళ్ళకు మేం మగ్గం మీద ఉంటం. మరి మా సంగతి ఎన్నటికి రావాలె?"

నేను కిటికీలోంచి చూసి తెలుసుకున్నదాన్నే ఆయన అడిగాడు. ఆయనే వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టి, "అమాసకు మాకు మగ్గం బంద్ గదా" అన్నాడు. నేతపని వాళ్ళకు అమావాస్య సెలవు. ఆ రోజు మగ్గంలో దారం నడిపే నాడె ముట్టరు.

ఆ అమావాస్య సాయంత్రం నేను హోటల్లో నిలబడి చదవబోతుండగా నేతమనిషి లోపలికి వచ్చాడు. చంకలో ఒక చుట్ట. వచ్చి, బెంచీ మీద విప్పి పరిచాడు. బెంచీకి సరిగ్గా సరిపోయే జంపఖానా ముక్క, ఎరుపు నలుపు చారలు, కొత్త నూలు వాసన ఇంకా పోలేదు. దాని ఒక కొస మీద తను కూర్చుని, రెండో కొస మీద చేత్తో తట్టాడు.

"దొరా, గిది హోటల్ బల్ల గాదు. మా మగ్గం మీదిది. మీ గడీలకు గూడ గిదే పోయేది. జర కూసోండ్రి."

హోటల్ అంతా నా వైపు చూసింది. నేను కొంచెం ఆలోచించాను. మా నాయన హోటల్ బల్ల మీద కూర్చోలేదు, నిజమే. జంపఖానా మీద కూర్చోనన్న సందర్భం మాత్రం నాకు గుర్తులేదు. కూర్చున్నాను, వెన్ను బెంచీకి ఆనించకుండా. సేటు తన చేత్తో చాయ్ తెచ్చి నా ముందు పెట్టాడు.

"వీళ్ళ గురించి వార్త లేదు కదా ఇయ్యాల" అన్నాడు ఎడిటర్, తన నియమం గుర్తొచ్చి.

"లేదు, సార్. మా గల్లీ గుర్రం గురించి ఉన్నది" అని నేతమనిషి మొదలుపెట్టాడు. పైపు బాగుచేసినవాళ్ళు తవ్విన గుంతను పూడ్చకుండా వదిలేశారు. మొన్న ఆ గల్లీలోంచి పెళ్ళి ఊరేగింపు వచ్చింది. గుంత చూసి గుర్రం నిలబడింది. బ్యాండ్‌వాళ్ళు వాయించారు, కదల్లేదు. పెళ్ళికొడుకు బతిమిలాడాడు, కదల్లేదు. ముహూర్తం దగ్గర పడుతున్నదని గల్లీవాళ్ళు మగ్గాల మీదున్న కొత్త జంపఖానాలు కోసి తెచ్చి, చెక్కల మీద పరిచి, గుంత కనిపించకుండా చేశారు. గుర్రం ఒక అడుగు వేసి, వాసన చూసి, ఎరుపు చారను కొరకడం మొదలుపెట్టింది. పెళ్ళికొడుకు దిగి తనే నడిచాడు. గుర్రాన్ని వెనక్కి మళ్ళించేసరికి, ఇంకో వైపు నుంచి ఇంకో ఊరేగింపు.

ఆ తర్వాతి మాటలు వినడానికి నేను కొంచెం ముందుకు వంగానని, అప్పటి దాకా తను చూసిన నా వెన్ను అలా ఎన్నడూ వంగలేదని సేటు తర్వాత చాలాకాలం చెప్పుకున్నాడు. నాకు తెలియదు. నేను రెండో గుర్రం సంగతి వింటున్నాను. నేతమనిషి కథ ఆపి, నా ముందున్న గ్లాసు వైపు వేలు చూపించాడు.

"సార్, దొర చాయ్ మీద మలాయి కట్టింది. జర చూస్కోండ్రి."

ఎడిటర్ పెన్సిల్ కిందికి దిగింది. తవ్విన గుంత మర్నాడు మా మొదటి పేజీలో ఉంది, శీర్షికతో సహా నేను రాసిందే. ఆ తర్వాత అమావాస్య మర్నాడు కాశిబుగ్గ వార్త లేకుండా మా పత్రిక వచ్చిందని నాకు గుర్తులేదు. ఆ జంపఖానా ముక్క హోటల్ గల్లా వెనక, మేకుకు వేలాడుతూ, నేను వచ్చే వేళకు కిందికి దిగేది.